జమ్మిచెట్టు నుండి లైసెన్సు పుస్తకము వరకు

విజయదశమినాడు జమ్మియాకులు చేతబట్టుకొని పెద్దలకు నమస్కరించు ఆచారమును మన తెలుగువారు ఎచ్చటికి పోయినను విడిచిపెట్టలేదు. రాయపూరులోను అంతే. ఇచ్చటివారు సోనపత్తి యని ఆకులు పంచుకొందురు. మనము జమ్మి యని పంచుకొందుము. పిల్లలకు రెండును బంగారమే. అయితే ఆ ఆకు వెనుకనున్న కథను మాత్రము మనము సగమే జ్ఞప్తియందుంచుకొన్నాము. అర్జునుడు జమ్మిపై నుండి గాండీవమును దింపిన ఘట్టము అందరకు తెలియును. దానిని అచ్చట ఎందుకు పెట్టిరో అంతగా ఎవరును తలపరు. పాండవులు పండ్రెండేండ్ల అరణ్యవాసము ముగించి, పదుమూడవయేట పరుల నగరమున, పరుల కొలువున, మారుపేర్లతో బ్రతుకవలసివచ్చినప్పుడు, ఆయుధములను వస్త్రముల మాటున దాచుకొని విరాటనగరము ప్రవేశింపలేదు. ఊరి వెలుపల శ్మశానభూమియందున్న జమ్మిచెట్టుపై కట్టి, శవము వ్రేలాడుచున్నదని జనులు దూరముగా తొలగిపోవునట్లు చేసి, వట్టి చేతులతో లోపలికి పోయిరి. ప్రాణభయము లేనివారా? వారికున్నంత భయము ఆనాడు మరెవ్వరికిని లేదు.

నేడు 'దాచిన ఆయుధము' అనగా చొక్కా క్రింద నడుమునకు కట్టుకొన్న పిస్తోలు అని అర్థము. నాడు అది ఊరి వెలుపల విడిచివచ్చిన ఆయుధము. ఆత్మరక్షణకై ఒక గృహస్థుడు ఆయుధము ధరించి నలుగురి నడుమ తిరుగవచ్చునా, తిరిగినచో ఆ యాయుధమునకు లెక్క ఎవరికి చెప్పవలెను అను ప్రశ్న మన దేశమున క్రొత్తది కాదు. దస్త్రముల నడుమ దినములు గడుపు ఉద్యోగిని గనుక, నాకు ఈ చరిత్ర యంతయు ఒక పెద్ద లెక్కల పుస్తకమువలె కనబడును. అందలి కొన్ని పుటలు మన తెలుగునాటివి, కొన్ని మనము కాపురముండు ఈ రాయపూరువి.

కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్షునకు ప్రత్యేకముగా ఒక ప్రకరణమునే కేటాయించెను. రాజముద్ర వేసిన పిమ్మటనే ఆయుధము ఆగారమును చేరవలెననియు, ముద్రానుజ్ఞ లేనివాడు ఆయుధపాణియై తిరుగరాదనియు ఆయన విధించెను. నేడు మనము లైసెన్సు అనునది ఆ ముద్రానుజ్ఞయే. ఇది తెల్లవాడు తెచ్చిన తద్దినమని కొందరందురు గాని, తెల్లవాడు తెచ్చినది వేరు. దానిని గూర్చి ముందు చెప్పెదను.

తుపాకి యను మాట తురుష్కభాష నుండి పారసీక, హిందుస్థానీల మీదుగా మనకు చేరినది. ఆ మాటతో పాటు వచ్చిన వస్తువు మన దుర్గముల తలవ్రాతలను మార్చినది. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి కోటపై బుస్సీ ఫిరంగులు మ్రోగినవి. అంతటి కోట ఒక్కదినమున కూలిపోయెను. కాని ఆ ఫిరంగుల మధ్య సురక్షితముగా నిదురించుచున్న విజయరామరాజును తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో జొరబడి కత్తితో పొడిచెను. దానిని మనము బుఱ్ఱకథలలో వీరగాథగా వినుచున్నాము, వినదగినదే. అయినను ఆ కథను రాజ్యము నడుపువాని కన్నులతో ఒకసారి చూడుడు. కనబడు ఫిరంగికి కాపలా పెట్టవచ్చును. కనబడని కత్తికి కాపలా పెట్టుట ఎట్లు? తరువాత వచ్చిన ప్రతి చట్టమందును ఈ భయము తొంగిచూచుచునే యున్నది.

ఇక రాయపూరు సంగతి. నాగపూరు రాజ్యము 1854లో కుంఫిణీ వశమైనప్పుడు ఛత్తీసుగఢము కూడ వారిదయ్యెను. 1856లో కరవు వచ్చెను. సోనాఖాన్ జమీందారు నారాయణసింహుడు, బింఝ్వార్ తెగవాడు, కస్డోల్ గ్రామమునందలి ఒక వర్తకుని ధాన్యపుకొట్లు తెరిపించి ఆకలిగొన్నవారికి పంచిపెట్టెను. పంచి, ఆ సంగతిని తానే డిప్యూటీ కమిషనరునకు తెలియజేసెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. దోపిడికాడు అధికారికి వర్తమానము పంపునా? పంపినను ఫలితము లేకపోయెను. అతనిని పట్టి రాయపూరు చెఱలో పెట్టిరి. 1857 ఆగస్టులో, ఇచ్చటనే యున్న సిపాయిల సహాయముతో అతడు చెఱనుండి తప్పించుకొని, తన జనులను కూడగట్టి పోరాడెను. డిసెంబరు 10వ తేదీన రాయపూరులో ఉరితీయబడెను. మనము కూరగాయలకు, బట్టలకు పోవుచు వచ్చుచు దాటు జయస్తంభ చౌరస్తాయే ఆ స్థలమని ఇచ్చట స్మరింతురు.

ఆ తరువాత నలువది దినములైనను గడువలేదు. 1858 జనవరి 18వ తేదీ రాత్రి మూడవ పటాలమునకు చెందిన హనుమాన్‌సింహుడు సార్జెంటు మేజరు సిడ్వెల్ నివాసములో ప్రవేశించి అతనిని చంపెను. పటాలములోని కొందరు అతనితో చేరిరి. కొన్ని గంటలలో తిరుగుబాటు అణచివేయబడెను. హనుమాన్‌సింహుడు దొరకలేదు, ఎన్నటికిని దొరకలేదు. అతని సహచరులు పదునేడుగురిని జనవరి 22న బహిరంగముగా ఉరితీసిరి. ఇందు నన్ను ఆకర్షించునది అతని ఉద్యోగము. అతడు మేగజీను లష్కరు, అనగా మందుగుండు కొట్టునకు సంబంధించిన ఉద్యోగి. ఏ తాళపుచెవిని నమ్మి దొరలు నిదురించుచుండిరో ఆ తాళపుచెవి గలవాడే తిరుగబడెను. దీనిని వారు మరువలేదు. ఇట్టివి దేశమంతట జరిగినవి. అందుచేతనే 1857లోనే ఆయుధములపై ఒక చట్టమును తొందరగా చేసి, 1860లో 31వ చట్టముగా దానిని స్థిరపరచిరి. ఊరూర కత్తులు, తుపాకులు ప్రోగుచేసి విఱుగగొట్టిరి.

అదే 1860లో మరియొక చట్టము కూడ పుట్టినది. అది 45వ చట్టము, అనగా ఇండియన్ పీనల్ కోడు. దాని చిత్తు 1837లోనే మెకాలే అధ్యక్షతన సిద్ధమై, పెట్టెలో రెండు దశాబ్దములకు పైగా నిద్రించినది. అందులో 96 మొదలు 106 వరకు గల సెక్షనులు ఆత్మరక్షణ హక్కును ఎంతో ఉదారముగా నిర్వచించినవి. తన శరీరమునే గాక పరుల శరీరమును, తన సొత్తునే గాక పరుల సొత్తును కూడ కాపాడుటకు మనుష్యుడు బలము ప్రయోగింపవచ్చును. ప్రాణాపాయము తప్పనిచోట ఎదిరి ప్రాణమును తీసినను అది నేరము కాదు. కాబట్టి ఒకే సంవత్సరమున, ఒకే ప్రభుత్వము, ఒక చేతితో 'నిన్ను నీవు కాపాడుకొనుము' అని చెప్పి, రెండవ చేతితో కాపాడుకొను సాధనమును లాగికొన్నది. దీనిని వింతయనుటకంటె పరిపాలన యనుటయే సరి. ఈ రెండు చట్టముల వెనుకనున్న ఉద్దేశములు వేరు. వానిని ఒక బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టి చూచినవాడు ఆనాడు లేడు.

పిమ్మట లిట్టన్ ప్రభువు వచ్చెను. 1878 మార్చి నెలలోనే దేశభాషాపత్రికల నోరు నొక్కు చట్టమును, ఆయుధముల చట్టమును చేయించెను. కలము, తుపాకి రెండును ఒక్క నెలలో లైసెన్సు క్రిందికి వచ్చినవి. పత్రికల చట్టమును రిప్పన్ ప్రభువు 1882లో రద్దుచేసెను. ఆయుధముల చట్టము మాత్రము ఎనుబదియేండ్లకు పైగా జీవించినది. తెల్లవాడు తెచ్చినది వేరని పైన చెప్పితిని గదా, అది ఇదియే. లైసెన్సు ఉండుట తప్పు కాదు, కాని ఆ లైసెన్సు యూరోపియనులకు అక్కరలేదు. చర్మమును బట్టి నమ్మకము. ఒక తెల్ల గుమాస్తా పిస్తోలు ధరించి తిరుగవచ్చును. అతని పై అధికారియైన నల్ల డిప్యూటీ కలెక్టరు అర్జీ పెట్టుకొనవలెను. ఈ జాతిభేదము 1920 నిబంధనల వరకు పోలేదు. మినహాయింపులలో ఒక్కటి మాత్రము నేటికిని నిలిచియున్నది. కొడగు సీమవారికి 1861 నుండి తుపాకి ధరించు స్వేచ్ఛ కలదు. స్వతంత్ర భారత ప్రభుత్వము దానిని కొనసాగించుచు, 2019లో మరల పదేండ్లకు పొడిగించినది. ఆ సీమయందు తుపాకి పూజాద్రవ్యము. బిడ్డ పుట్టినప్పుడు ఒకసారి ప్రేల్తురు.

1887లో మదరాసు నగరమున కాంగ్రెసు మూడవ మహాసభ జరిగినప్పుడే ఆయుధ చట్టముపై తీర్మానము చేసిరి. విన్నపములు అట్లు సాగుచుండ, మన మన్యమున వేరొక విధముగా లెక్క తేలినది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దాడిచేసి, ఇరువదియారు తుపాకులను, రెండువేల అయిదువందలకు పైగా తూటాలను తీసికొనిపోయెను. తీసికొనిపోవుచు, ఏ ఠాణాలో ఏమేమి తీసికొన్నదియు అచ్చటి పుస్తకమున వ్రాసి తన సంతకము చేసెను. ఈ ముక్క చదివినప్పుడెల్ల నాలోని గుమాస్తాకు రోమాంచము కలుగును. ప్రభుత్వమునే ధిక్కరించినవాడు ప్రభుత్వపు రిజిష్టరును గౌరవించినాడే! రహస్యముగా పోగొట్టబడిన తుపాకికి ఏ అమాయకపు కానిస్టేబులో బలియగును. సంతకము పెట్టిన తుపాకికి సంతకము పెట్టినవాడే జవాబుదారి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో సేన నడచిపోవుచుండగా, దేశీయ సిపాయిలను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు దొరలను మాత్రమే కాల్చిరి. ఆయుధము చేతనుండుట యొకటి, దేనిపై ప్రేల్చవలెనో యెఱిగియుండుట మరియొకటి. 1924 మే 7న కొయ్యూరులో రాజును చెట్టునకు కట్టి కాల్చిన చేతులలోని తుపాకులకు మాత్రము లైసెన్సు కలదు.

నాలుగేండ్లు గడచినవి. 1928 ఫిబ్రవరి 3న మదరాసులో సైమను సంఘ బహిష్కారము. కాల్పులలో మరణించినవాని చెంతకు పోనీయక సిపాయి తుపాకి గురిపెట్టగా టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఱొమ్ము విప్పి నిలిచిరి. వారి జేబున పిస్తోలు ఉండినచో ఆ దినము మరొకవిధముగా ముగిసియుండెడిది. పంతులుగారు ఆంధ్రకేసరి కాకయు పోయియుందురు. అంతమాత్రమున అందరును ఱొమ్ము విప్పవలెనని నేను చెప్పను. పిల్లలతో నడిరాత్రి ఇంట చిక్కిన గృహస్థునకు, జనసమూహము నడుమ నిలిచిన నాయకునకు ధర్మము ఒకటి కాదు.

ఈ భేదమును అందరికంటె బాగుగా గుర్తించినవాడు మహాత్ముడే. అహింసావాదికి ఆయుధ చట్టముతో పనియేమి యని మనము తలంతుము. 1930 జనవరి 30వ తేదీ 'యంగ్ ఇండియా' పత్రికలో ఆయన వైస్రాయి ముందు పదునొకండు కోరికలు ఉంచెను. ఉప్పుపన్ను, భూమిశిస్తు, మద్యనిషేధము అందరికి జ్ఞాపకమున్నవి. వానిలో కడపటిది ఆత్మరక్షణార్థము తుపాకి లైసెన్సులు ఇయ్యవలెననియు, ఆ వ్యవహారము ప్రజల అదుపునందుండవలెననియు కోరినది. తాను ధరింపడు; ధరింపవలెనని ఎవరికిని బోధింపడు; కాని ధరింపలేని స్థితియందు జాతిని ఉంచుట అవమానమని ఆయన భావము. ధరించుటకు శక్తిగలవాడు మానినప్పుడే అది అహింస యగును. మరుసటి సంవత్సరము కరాచీ కాంగ్రెసు చేసిన ప్రాథమిక హక్కుల తీర్మానమున, ఆ యేటనే సవరింపబడిన పాఠమునందు, నిబంధనలకు లోబడి ఆయుధము ఉంచుకొను హక్కును చేర్చిరి.

ఆ పత్రిక వెలువడిన తేదీని మరల చూడుడు. సరిగా పదునెనిమిది సంవత్సరములకు, 1948 జనవరి 30న, ప్రార్థనకు పోవుచున్న ఆ మహానుభావుని ముందు నమస్కరించినవాని యొద్ద పిస్తోలు దాగియుండెను. చుట్టునున్న వందలజనములో ఎవరికిని అది కనబడలేదు.

ఆ గాయము మానక ముందే, 1948 డిసెంబరులో, రాజ్యాంగ సభయందు హెచ్. వి. కామత్‌గారు ఆయుధధారణను ప్రాథమిక హక్కుగా చేర్పవలెనని సవరణ తెచ్చిరి. కరాచీ తీర్మానమే వారికి ఆధారము. అంబేడ్కరుగారు అంగీకరింపలేదు. పరాయి ప్రభుత్వము జాతినంతను నిరాయుధము చేసినప్పుడు ఆ హక్కు కోరుట సమంజసమేగాని, స్వరాజ్యమున దానిని రాజ్యాంగమునందు లిఖించినచో నేరమే వృత్తిగా గలవాడు కూడ దానినే చూపునని వారు వాదించిరి. ఆయుధము ధరించు హక్కు గాదు, దేశమునకు అవసరమైనప్పుడు ధరింపవలసిన కర్తవ్యము ముఖ్యమని కూడ చెప్పిరి. సవరణ వీగిపోయెను. నాకు కామత్‌గారియందు గౌరవము కలదు. అయినను ఆ దినమున అంబేడ్కరుగారి మాటయే నిలువవలసినదని నా అభిప్రాయము. హక్కును అడిగినవాడు కారణము చెప్పనక్కరలేదు. ఇరుగుపొరుగుల ప్రాణముతో ముడిపడిన వస్తువునకు కారణము చెప్పియే తీరవలెను.

ఈ తలంపే 1959 ఆయుధ చట్టమునకు పునాది. అది 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చి, లిట్టన్ చట్టమును తొలగించెను. దానిని సామాన్యముగా ఎవరును చదువరుగాని, అందొక సూక్ష్మము కలదు. ఇరువది అంగుళములకు తక్కువకాని గొట్టముగల నున్నని నాళపు తుపాకిని ఇంటి రక్షణకో, వేటకో కోరినచో, అభ్యంతరమేదియు లేనప్పుడు అధికారి లైసెన్సు ఇయ్యవలెను. పంటకాపలాకు మందుగూరు తుపాకికిని అట్లే. ఇతర ఆయుధములకు, అనగా పిస్తోలు, రివాల్వరు మొదలగు వానికి, కోరువానికి తగిన కారణము కలదని అధికారి తృప్తిపడవలెను. ఇరువది అంగుళముల గొట్టమును చొక్కా క్రింద దాచలేము గదా! చట్టము ఆ మాట చెప్పకయే చెప్పినది. దాగుకొలది కారణము బలముగా నుండవలెను. మందుగూరు తుపాకి యనగా మన తెలంగాణమున భర్మారు. ఛత్తీసుగఢపు పల్లెలలోను అదే భర్మారు. భాష మారినను గొట్టములో మందు కూరు పద్ధతి మారలేదు గనుక పేరును మారలేదు కాబోలు.

లైసెన్సు పొందినవాడు బయట ఎట్లు తిరుగవలెను అను విషయమున 2016 నిబంధనలు స్పష్టముగా నున్నవి. పాత కాలమున జమీందారు బంట్రోతు భుజముపై తుపాకి మెఱయుచుండుట గౌరవచిహ్నము. ఇప్పుడట్లు కాదు. బహిరంగ స్థలమున చేతితుపాకిని తగిన ఒరలో నుంచి, పూర్తిగా కప్పి, తన అదుపులో నుండునట్లు ధరింపవలెను. త్రిప్పి చూపుట, ప్రేల్చుట పూర్తిగా నిషిద్ధము. అమెరికాలో మరుగుపరచి ధరించుట యొక ప్రత్యేకమైన స్వేచ్ఛగా వాదులాడబడినది. మన దేశమున మరుగుపరచుట ధరించువాని విధి. భయపెట్టుటకు చూపించువాడు ఆత్మరక్షకుడు కాడని దీని తాత్పర్యము. పెండ్లి ఊరేగింపులలో గాలిలోనికి కాల్చు దుర్వ్యసనమును ఉత్తరదేశమున పనిచేసిన మన ఉద్యోగులు ఎఱుగుదురు. వరుని బంధువు సంతోషము పొరుగింటి మేడపై నిలిచిన పిల్లవాని మృత్యువైన వార్తలు ఎన్నియో! 2019 సవరణచే దానికి రెండేండ్ల వరకు చెఱసాల, లక్షరూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. ఒక్కనికి మూడు తుపాకులుండవచ్చునను నియమమును ఆ సవరణయే రెండింటికి తగ్గించి, లైసెన్సు గడువును మూడేండ్లనుండి అయిదేండ్లకు పెంచినది. సురక్షితముగా వాడుటలో శిక్షణపొందిన పత్రము కూడ నిబంధనలు కోరుచున్నవి. పోలీసువారి విచారణ సరేసరి.

2014లో కాన్పూరు ఫీల్డుగన్ ఫ్యాక్టరీ స్త్రీల కొఱకని 'నిర్భీక్' అను తేలికైన రివాల్వరును తయారుచేసినది. 2012 డిసెంబరున ఢిల్లీలో జరిగిన ఘోరము దాని పేరునకు కారణము. బరువు 525 గ్రాములు; వెల లక్షయిరువదివేలు దాటినది. తెల్లవారుజామున సిటీబస్సు ఎక్కి నర్సుపనికి పోవు బాలికకు ఆ వెల ఎక్కడిది? ఉన్నను, సంచి అడుగున నున్న రివాల్వరు వెనుకనుండి పట్టుకొన్నవాని చేతికి ముందుగా దొరకదా? దీపములు వెలుగు వీథి, సమయమునకు వచ్చు బస్సు, ఫిర్యాదు వ్రాసికొను ఠాణా ఆమెకు ముందు కావలెను. ఇది నా అభిప్రాయము. నిజముగా బెదిరింపులకు గురియైన స్త్రీ అర్జీ పెట్టుకొన్నచో ఆ దస్త్రమును బల్లపై నిలువయుంచరాదనునదియు నా అభిప్రాయమే.

మన పిల్లలలో అనేకులు నేడు అమెరికాలో నున్నారు గనుక ఆ దేశపు మాట కూడ ఒకటి. ఆయుధధారణ హక్కు 1791 నుండి వారి రాజ్యాంగమునందున్నది. ఇల్లు దాటి బయట చేతితుపాకి ధరించుటయు అందులోనిదే యని 2022 జూనులో అచ్చటి సుప్రీముకోర్టు తీర్పుచెప్పినది. 2017 ఫిబ్రవరిలో కాన్సాసు రాష్ట్రపు ఓలేతే పట్టణమున, పని ముగించి మిత్రునితో కూర్చున్న ఒక తెలుగు ఇంజనీరు తుపాకికి బలియైన వార్త మనలో ఎందరి ఇండ్లలోనో ఆ రాత్రి నిద్రలేకుండ చేసినది. అతనికి కూడ ఒక తుపాకి యుండినచో అని కొందరనిరి. హంతకుని వెంట పడినవాడు నిరాయుధుడైన ఒక అమెరికా యువకుడు. తూటాలు అయిపోయినవని లెక్కించి దూకెను, ఇంకొకటి మిగిలియుండెను, గాయపడెను, బ్రతికెను. ఎవరి నడుమున ఏమున్నదో ఎవరికిని తెలియని ఊరిలో, చూపు తప్పినవాడు ముందుగా కాల్చును; రెండవవానికి తన పిస్తోలు తడవుకొను వ్యవధి యుండదు. ఆ దేశమున నివసించు మన పిల్లలు తమ తమ రాష్ట్రముల చట్టమును తెలిసికొని మెలగవలెను గాని, ఇచ్చటనుండి ఉపదేశించుటకు మనకేమి తెలియును?

మన ఆత్మరక్షణ సెక్షనులు 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహితలో 34 మొదలు 44 వరకు సంఖ్యలతో నడచుచున్నవి. సంఖ్యలు మారినవి, సారము మారలేదు. రక్షకభటుల సహాయము పొందు వ్యవధి యున్నచోట ఆ హక్కు లేదు. రక్షణకు అవసరమైనంతకంటె ఎక్కువ హాని చేయరాదు. పారిపోవుచున్న దొంగను వెనుకనుండి కాల్చినవాడు న్యాయస్థానమున జవాబు చెప్పుటకు చాల కష్టపడును. లైసెన్సు పుస్తకము తుపాకి ఉంచుకొనుటకే. ప్రతి కాల్పునకు లైసెన్సు వేరుగా, సంఘటన జరిగిన పిమ్మట, న్యాయమూర్తి ఇయ్యవలసినదే.

ఆ మాట ఈ రాష్ట్రమునందే, మన తెలుగు న్యాయమూర్తి నోట, అతి గంభీరముగా వెలువడినది. 2005 తరువాత బస్తరు అడవులలో మావోయిస్టుల హింసకు ప్రతిగా గిరిజన యువకులను స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా నియమించి తుపాకులిచ్చిరి. నెలకు మూడువేల రూపాయల గౌరవవేతనము. అయిదవ తరగతి చదివినవారికి ప్రాధాన్యము. రెండు నెలల శిక్షణ. ఆయుధములు వారి ఆత్మరక్షణకే యని ప్రభుత్వము వాదించెను. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్. ఎస్. నిజ్జర్‌గార్లు ఆ వాదమును త్రోసివేసి, ఇచ్చిన తుపాకులన్నింటిని వాపసు తీసికొనవలెనని ఆజ్ఞాపించిరి. చదువు, వివేకము పండుటకు వ్యవధి లేని బిడ్డను తుపాకితో నిలువబెట్టుట అతనికిని, అతని ఎదుట నున్నవానికిని అన్యాయమనియు, అది రాజ్యాంగపు 14, 21 అధికరణములకు విరుద్ధమనియు తేల్చిరి. రాష్ట్ర ప్రభుత్వము ఆ యేడే సహాయక సాయుధదళము అను పేరున వేరొక చట్టము చేసి వారిని అందు చేర్చికొన్నది. తీర్పును మెచ్చినవారును కలరు, అడవిలో నిలిచి చూచినచో తెలియునని అన్నవారును కలరు. రెండు పక్షములలోను బిడ్డలను పోగొట్టుకొన్నవారు కలరు. సామాన్యునకు పిస్తోలు లైసెన్సు ఇచ్చుటకు వయస్సు, విచారణ, శిక్షణ, కారణము అడుగు ప్రభుత్వము, తానే ఆయుధము ఇచ్చునప్పుడు అంతకంటె తక్కువ అడుగరాదు గదా.

కడపట మన కుటుంబములకు పనికివచ్చు ముక్క యొకటి. మన పెద్దలలో కొందరు స్వగ్రామమున పొలముల కాపలాకు తీసికొన్న పండ్రెండు బోరు తుపాకులు అటకలమీద నేటికిని ఉండవచ్చును. లైసెన్సుదారుడు కాలధర్మము చెందిన పిమ్మట అది వారసుని సొత్తు దానంతట కాదు. లైసెన్సు లేని ఆయుధముగానే లెక్కకు వచ్చును. ముందుగా దగ్గరి ఠాణాలో గాని, లైసెన్సుగల వ్యాపారియొద్ద గాని ఉంచి రసీదు తీసికొనవలెను. తరువాత వారసుడు తన పేర అర్జీ పెట్టుకొనవచ్చును. లైసెన్సుదారునకు డెబ్బదియేండ్లు నిండినను, తుపాకి ఇరువదియైదేండ్లు తన యొద్దనుండినను, జీవించియుండగనే వారసునకు మార్పించు వీలును 2016 నిబంధనలు కల్పించినవి. ఎన్నికల కాలమున అప్పగింపుమని తాఖీదు వచ్చినచో ఆ రసీదును కూడ పాత లైసెన్సు పుస్తకములోనే భద్రపరచుడు. తుపాకిని, తూటాలను వేరువేరు పెట్టెలలో, పిల్లలకు అందని చోట, రెండు తాళములు వేసి యుంచుడు.